రెండు కాగితాల నక్షత్రం

మా సార్ పోయారన్న వార్త నేను, ఒకప్పుడు పరిశోధన చేసిన విభాగం హెడ్ గారి నోటి వెంట వినాల్సి వచ్చింది. ఆ ఒక్క బాధయినా తప్పి ఉంటే బాగుండేది. నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీలో ఫోను ఆఫీసు గదిలో ఉంటుంది. ప్యూన్ వచ్చి పిలిస్తే చేతికంటిన సుద్దపొడితోనే వెళ్లి అందుకున్నాను. “అమ్మా, మన మాస్టారు ఇక లేరు. పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయారట. శాస్త్రలోకానికి తీరని లోటు” అన్నారు. ఆ చివరి మాట ఎక్కడా తడబడకుండా వచ్చింది. నాకన్నా ముందు ఎంతమందికి చెప్పి నున్నగా అరగదీశారో తెలియదు.

సార్ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇదే హెడ్ గారికి ఆయన ‘చూలై చాదస్తం’. మొన్న రిటైరైన రోజున సార్‌కు కప్పిన శాలువా అంతకుముందు ఇంకెవరికో కప్పగా వాళ్లు బల్ల మీద మరిచిపోయి వెళ్లినదని మా విభాగంలో అందరికీ తెలుసు. అటువంటి మనిషికి ఒక్క పూటలో మా సార్ శాస్త్రలోకం అయిపోయారు. ఉన్నప్పుడు మెతుకు విదల్చని వాళ్లే పోయాక పిండం పెద్దది చేస్తారు. నేను “సరే సార్” అని ఫోను పెట్టేశాను. ముందు ఒళ్లు మండింది. ఏడుపు తరువాత, చూలైలో సార్ ఇంటికి పోయే ఆటోలో వచ్చింది.

ఆయన నాకు పరిశోధనలో గైడు. మా రెండు కుటుంబాలూ ఎన్ని తరాలుగా ఈ మద్రాసులో ఉన్నాయో మాకే సరిగ్గా తెలియదు. మాది సౌకార్‌పేటలో పసుపు, మిరపకాయల టోకు అంగడి. వాళ్లది చూలైలో పాత ఇల్లు. హెడ్ గారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చినవారు. ‘చాలా’కు రొంబ, ‘అవును’కు ఆమా, ‘అదే’కు ‘అది దా’ అనే మా అరవం కలిసిన తెలుగు వింటే ఆయనకు నవ్వు. పరిశోధనకు నన్ను తీసుకునే ఇంటర్వ్యూలో నేను, “లోపలికి పోయేకొద్దీ ఒత్తిడి రొంబ ఎక్కువైతాది సార్” అన్నాను. హెడ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “రొంబ ఎక్కువవుతుందా! భేష్” అని పక్కవాళ్లను చూసి నవ్వారు. పక్కవాళ్లూ నవ్వారు, ఉద్యోగాలు ఉండాలి కదా.

అంతదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న సార్ అప్పుడు ఇటు తిరిగారు.

“మీకు అర్థమైంది గదా సార్? అయితే సరి. తప్పును మంచి తెలుగులో చెప్పేవాళ్లు మన కాడ చానామంది ఉండారు” అన్నారు.

అట్లా నేను ఆయన శిష్యురాలినయ్యాను. అదేదో అదృష్టమని ఎవరూ అనుకోవద్దు. ఆయన దగ్గర చేరినవాళ్లలో సగంమంది ఏడాది తిరక్కుండానే వేరే గైడును వెతుక్కునేవారు. మనిషి నిండా ధిక్కారమే. ఉత్తరాది నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చి రంగురంగుల ట్రాన్స్‌పరెన్సీలు వేసి ఉపన్యాసం ఇచ్చి, చివర మా సార్‌ను అభిప్రాయం అడిగారు. “రంగులు బాగుండాయి. సౌకార్‌పేటలో చీరల అంగడి పెట్టొచ్చు” అన్నారు ఈయన. ఊరికి మద్రాసు పేరు పోయి చెన్నై అన్న పేరు వచ్చిన రోజుల్లో విభాగమంతా దాని గురించే మాట్లాడుతుంటే, “పేరు మార్చినారు సరే, కూవం ఏటి మురుగునీళ్లు ఎప్పుడు మారుస్తారంట?” అని అడిగి లేచి వెళ్లిపోయారు. ఎవరి మాటా ఆయనకు ఒక పట్టాన నచ్చేది కాదు. నచ్చితే “పరవాలేదు” అనేవారు. ఆ మాట కోసం నేను కొన్నేళ్లు బతికాను.

ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న మీద గడిచింది. పెద్ద నక్షత్రం చనిపోయాక ఒక గట్టి ముద్ద మిగులుతుంది. వెడల్పు ఊరంత, బరువు సూర్యుణ్ని మించి. అందులో ఎక్కువగా న్యూట్రాన్లు, కొన్ని ప్రోటాన్లు, కొన్ని ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి. నడిమధ్యకు పోయేకొద్దీ నొక్కుడు పెరుగుతుంది. ఒక లోతు దాటాక న్యూట్రాన్లు కూడా ఆ నొక్కుడుకు తాళలేక కరిగిపోయి, వాటిలో దాగిన క్వార్కులు విడిపోయి కలిసిపోతాయని ఒక ఊహ. ఆ మార్పు ఎంత లోతులో వస్తుంది, ఎట్లా వస్తుంది, అసలు వస్తుందా రాదా? ఇదే ఆ ప్రశ్న. అక్కడికి పోయి చూసినవాళ్లు లేరు, చూడబోయేవాళ్లూ లేరు.

ఈ సంగతి జనానికి చెప్పే వాళ్లంతా, ఆ పదార్థం ఒక చెంచాడు తీస్తే కొండంత బరువుంటుంది అని మొదలుపెడతారు. మా సార్‌కు ఆ చెంచా వినబడితే చాలు, ముఖం మాడిపోయేది. “ఎవడు పోయినాడు ఆడికి చెంచా తీసుకొని? తీస్తే అది అట్లనే ఉంటాదా? నొక్కేది లేకపోతే పేలిపోదా? చెంచా అంట, చెంచా” అని గొణిగేవారు. నేను ఇప్పటికీ క్లాసులో ఆ పోలిక చెప్పను.

మేము పని చేసే పద్ధతి వేరు. అంకెలు కంప్యూటర్ మీద వేసేవాళ్లం, విభాగానికంతా ఉన్నది ఒకటే గనక వంతు వచ్చినప్పుడు. గీత మాత్రం చేత్తో గీయాలి. న్యూట్రాన్ల పదార్థానికి ఒక ట్రేసింగ్ కాగితం, క్వార్కుల పదార్థానికి ఇంకొకటి. ఎంత కూరితే ఏ పదార్థం ఎంత ఒత్తిడితో ఎదురు తిరుగుతుందో ఆ గీత చెబుతుంది. సాయంత్రం ఎండ పడే వేళ సార్ తన గది పడమటి కిటికీ అద్దానికి మొదటి కాగితం టేపుతో అంటించి, దాని మీద రెండోది సరిగ్గా పెట్టేవారు. వెనక నుంచి ఎండ వచ్చి రెండు గీతలూ ఒకేసారి కనిపించేవి. అవి ఒకదాన్నొకటి ఎక్కడ కోసుకుంటే అక్కడ నక్షత్రం లోపల మార్పు జరుగుతుందన్నమాట. అంతకు ముందు న్యూట్రాన్లది గెలుపు, ఆ తరువాత క్వార్కులది.

మొదటిసారి గీతలు కలిసినప్పుడు నేను చప్పట్లు కొట్టబోయాను.

“ఏందా సంబరం?” అన్నారు సార్. “ఈ న్యూట్రాన్ల గీత ఈడ దాకా దా నమ్మకం. ఆపైన గాలి. ఆ క్వార్కుల గీత ఆడ నుంచి దా నమ్మకం. ఈ పక్కంతా గాలి. రెండు గాలులు కలిసిన కాడ నిజం ఉండాదని నువ్వు చెప్తావు. అబద్ధం చెప్పే సాక్షులు ఇద్దరూ ఒకే మాట చెప్తే అది నిజం కాదు అమ్మీ, ఒప్పందం.”

అట్లా మాట్లాడే మనిషి దగ్గర, రెండేళ్ల పైన, ఆ కాగితాలు మార్చి మార్చి గీశాను. ఒక విషయంలో మాత్రం ఆయనది మహా పట్టుదల. నక్షత్రం మొత్తంలో విద్యుదావేశం ఉండకూడదు. ధనం ఎంతో రుణం అంత ఉండి సరిపోవాలి. ఇది అందరికీ తెలిసిందే. సార్ దీన్ని ప్రతి కాగితానికీ విడివిడిగా పెట్టించేవారు. న్యూట్రాన్ల కాగితంలో ధన రుణాలు అక్కడికక్కడే సరిపోవాలి. క్వార్కుల కాగితంలోనూ అంతే. “ఏ కాగితం సంగతి ఆ కాగితంలోనే తేలాల. పక్కదాని మీద ఆనుకొనే కాగితం నాకొద్దు” అనేవారు. అప్పట్లో ఆ రంగంలో చాలామంది అట్లాగే చేసేవాళ్లు. కానీ వాళ్లది అలవాటు, మా సార్‌ది పంతం.

ఆ పంతం ఎక్కడిదో వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అర్థమైంది. చూలైలో ఆ ఇల్లు ఒకప్పుడు పెద్దది. తండ్రి పోయాక సార్, వ్యాపారం చేసే వాళ్ల అన్న ఇద్దరూ పంచుకున్నారు. పంపకంలో నడవలోని ఉయ్యాల ఎవరిదన్న దగ్గర తగువు వచ్చింది. చివరికి పలక ఈయనకు, గొలుసులు వాళ్ల అన్నకు వచ్చాయి. మీరు చదివింది నిజమే. ఆ పలక సార్ ఇంట్లో గోడకు ఆనించి ఉంటే నేను కళ్లారా చూశాను, దాని మీద దినపత్రికలు పెట్టేవారు. ఊగింది ఇద్దరిలో ఎవరూ లేరు. ఇంత చదువూ, ఇంత వ్యాపారమూ కలిసి చేసిన తెలివైన పని అది. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటలు లేవు. ఇంటి నడిమధ్య గోడ లేచింది. పెరట్లో బావి ఉంది. బావిని పంచడం కుదరదు గనక గోడను బావి మీదుగానే కట్టారు. ఒక దూలం వేసి, దాని మీద గోడ లేపి, అటు ఒక గిలక, ఇటు ఒక గిలక పెట్టుకున్నారు. పాత మద్రాసు ఇళ్లు చూసినవాళ్లకు ఇటువంటి బావులు కొత్త కాదు.

సార్ భార్యను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె ఆ బావి చూపించి, “దీన్ని చూసినావా అమ్మీ? మొగోళ్ల రోషానికి గుడి కట్టినారు” అంది. నవ్వుతూనే అంది గానీ నవ్వు కాదు.

నా సిద్ధాంత గ్రంథం పూర్తయింది. గీతలు శుభ్రంగా కలిశాయి. నక్షత్రం ఒక లోతు దాకా న్యూట్రాన్లు, ఆ గీటు దాటగానే ఒక్కసారిగా క్వార్కులు, మధ్యలో సాంద్రత మెట్టులా ఎగరడం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. టైపు కొట్టించి, అట్టలు వేయించి తెచ్చాను. ఊరి ఉత్తరాన ఒక కాలేజీ వాళ్లు డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగంలో చేరమన్నారు. మా నాయన అంగట్లో కూర్చునే ప్రతివాడికీ ఆ మాట చెప్పి కాఫీ తాగించేవాడు. మా వంశంలో పసుపు బస్తా మీద కాకుండా కుర్చీ మీద కూర్చుని సంపాదించబోయే మొదటిదాన్ని నేనే. అది నాకు ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. మిగిలింది సార్ సంతకం, హెడ్ గారి సంతకం.

అది మండు వేసవి. ఊళ్లో నీళ్ల కరువు, లారీ వెనక బిందెల కొట్లాట. సార్ ఆ రోజు పదింటికి రావలసినవారు మధ్యాహ్నానికి వచ్చారు. చొక్కా మీద బురద మరకలు. నన్ను కూర్చోమనలేదు.

“కాగితాలు తియ్యి” అన్నారు.

తీశాను. కిటికీకి అంటించారు. చాలాసేపు చూశారు.

“పొద్దున నీళ్లు తోడతా ఉంటే చేదలో బురద వచ్చింది. అవతల మా అన్న కొత్తగా మోటారు పెట్టినాడు. వాడు లాగితే నా పక్క దిగిపోయింది. నా నీళ్లు తాగేస్తా ఉండాడు చూడు దొంగ అని తిట్టినా. తిట్టి, లోపలికి చూసినా. నా నీళ్లు ఏంది, వాడి నీళ్లు ఏంది? గోడ పైన దా ఉండాది. లోపల నీళ్లకు గోడ లేదే! ఆ పక్క ఎంత మట్టానికి ఉంటే ఈ పక్కా అంతే.”

నాకు ఏమీ అర్థం కాలేదు. ఎండకు మనిషికి ఏమైనా అయిందేమో అనుకున్నాను.

“మొద్దూ, ఎలక్ట్రాన్లు” అన్నారు.

అప్పుడు అర్థమైంది. న్యూట్రాన్ల పదార్థమూ క్వార్కుల పదార్థమూ పక్కపక్కనే ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు రెండింటికీ ఉమ్మడి. అటూ ఇటూ పోతాయి, ఒకే మట్టానికి వస్తాయి. ఈ పక్క కాస్త ధనం, ఆ పక్క కాస్త రుణం ఉండనీ, మొత్తానికి సరిపోతే చాలు. మేము ఏ కాగితానికా కాగితం విడిగా సరిచేసి, ఒకే బావిలో ఈ పక్క నీళ్లు పైన, ఆ పక్క నీళ్లు కింద నిలబెట్టాం. నేను అంత శ్రమపడి గీసిన ఆ మెట్టు ఎగరడం నక్షత్రంలోది కాదు, మా కాగితాల్లోది. ప్రపంచంలో ఇంకెవరికైనా ఈ పొరపాటు అలవాటు వల్ల వచ్చి ఉండొచ్చు. రోజూ పొద్దున ఆ బావిలోనే చేద వేసే మనిషికి రావడం మాత్రం వింత. అంత తెలివిగలవాడు, అన్నేళ్లు నీళ్లు తోడి, లోపలికి ఒకసారి తొంగి చూడలేదు. ఈ మాట నేను ఆయన ఉన్నప్పుడే ఆయన ముందే అన్నాను, కాబట్టి ఇప్పుడు రాయడానికి సంకోచం లేదు.

“సంతకం పెట్టను. మళ్లీ చెయ్యాల” అన్నారు.

విషయం హెడ్ గారి గదికి చేరింది. ఆయన ఫ్యాను వేగం పెంచి, ముగ్గురికీ మజ్జిగ తెప్పించి, తీరిగ్గా మాట్లాడారు. “చూడండి మాస్టారూ, మీరు చెప్పింది సూక్ష్మమైన విషయం. పరీక్షకులు అంత లోతుకు వెళ్లరండీ. వాళ్లకు తీరిక ఎక్కడిది? అమ్మాయికి డిగ్రీ రానివ్వండి. ఆ తరువాత ఈ సవరణ వేరే పేపరుగా వేసుకుందురుగాని. ఒక తప్పుకు డిగ్రీ, దాన్ని దిద్దినందుకు పేపరు. రెండూ లాభమే కదండీ!”

చెప్పి తనే మెచ్చుకుని నవ్వారు. ఆ గదిలో ఆయన అంత నిజాయితీగా మాట్లాడడం నేను మళ్లీ వినలేదు.

సార్ మజ్జిగ ముట్టలేదు. “ఆ అమ్మి రేపు క్లాసులో నిలబడి ఇదే చెప్పాల గదా సార్. తప్పని తెలిసి ఎట్ల చెప్తాది?”

“చెబుతారండీ. అందరూ చెప్పడం లేదూ?”

“మీరు చెప్తా ఉండారు. సరే. ఆ అమ్మి చెప్పదు.”

ఆ అమ్మి ఏమనుకుంటున్నదో ఇద్దరూ అడగలేదు. అడిగి ఉంటే నేను హెడ్ గారి పక్షమే. మెట్ల దగ్గర సార్‌ను ఆపి అందరూ వినేటట్టు అరిచాను. “పొయ్యేది నా ఉద్యోగం సార్! మీకేం పోతాది? మీ బావి మీరు చూసుకోలేదు, నేనా దానికి దండన పడేది?”

ఆయన నన్ను మందలించలేదు. మెట్టు మీద నిలబడిపోయి, “ఆమా, నీకే పోతాది. నా తప్పుకు నీకు పోతాది. నాకు తెలుసు” అన్నారు. “రేపు పొద్దున్నే బిన్నా రా, కంప్యూటర్ వంతు మనది” అని దిగి వెళ్లిపోయారు.

ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. మా నాయన అంగట్లో కాఫీలు ఆగిపోయాయి. నేను కోపంతోనే మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కాగితం ఒక్కటే. లెక్క పది రెట్లు కష్టం. ఫలితం ముచ్చటగా లేదు: గీటు లేదు, మెట్టు లేదు. న్యూట్రాన్ల పదార్థంలో అక్కడక్కడ క్వార్కుల చుక్కలు పుట్టి, లోతుకు పోయేకొద్దీ పెరిగి, చివరికి అదే ఇది అయిపోయే ఒక వెడల్పాటి నడిమి పొర. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలైందో వేలు పెట్టి చూపలేం.

పని మధ్యలో ఉండగా ఒక విదేశీ పత్రిక, ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి, మా లైబ్రరీకి చేరింది. అందులో ఎవరో ఇదే మాట మాకన్నా ముందే, మాకన్నా బాగా రాశారు. నేను దాన్ని పట్టుకుని ఏడుపు ముఖంతో సార్ గదికి పోయాను. ఆయన మొత్తం చదివి, “మంచిది. పిచ్చి నాకొక్కడికే కాదు” అన్నారు. ఆయన ముఖంలో ఈర్ష్య కోసం వెతికాను. కనబడలేదు. అది కూడా నాకు ఒళ్లుమంటే.

నా రెండో గ్రంథం ఆయన ఆసాంతం చదివి సంతకం పెడుతూ, “పరవాలేదు” అన్నారు. నేను కిందికి వచ్చి సైకిల్ స్టాండులో నిలబడి ఏడ్చాను. ఈ కాలేజీ ఉద్యోగం ఆ తరువాత వచ్చింది. చిన్న కాలేజీ, ఎన్నూరు థర్మల్ కరెంటు కేంద్రం దారిలో, కిటికీ తీస్తే బొగ్గు బూడిద. కానీ నేను బోర్డు మీద ఏది రాసినా అది నాకు తెలిసి నిజం. ఆ ఒక్క సుఖం ఎంతటిదో హెడ్ గారికి చెప్పినా తెలియదు.

సార్ పోయిన వారానికి విభాగంలో సంతాప సభ పెట్టారు. సార్ ఫోటోకు గంధపు దండ, పక్క గదిలో బోండాలు వేగుతున్న వాసన. ఒకాయన లేచి, మాస్టారు ఎటువంటి నక్షత్రాల మీద పని చేశారో తెలుసా అని అడిగి, ఆ పదార్థం ఒక చెంచాడు తీస్తే అని మొదలుపెట్టారు. నేను ఫోటో వైపు చూడలేకపోయాను. హెడ్ గారు చివర మాట్లాడారు. మాస్టారు ఆ సంగతిని ప్రపంచం కన్నా ముందే కనిపెట్టారనీ, గ్రంథం వెనక్కి తీసుకోవాలన్న సాహస నిర్ణయం తామిద్దరూ కలిసి తీసుకున్నామనీ, విలువల విషయంలో తాము ఏనాడూ రాజీ పడలేదనీ చెప్పి కళ్లు తుడుచుకున్నారు. కళ్లు పొడిగానే ఉన్నాయి, నేను ముందు వరసలో ఉన్నాను. పొగడ్తలోనూ దొంగసరుకే. ప్రపంచం కన్నా ముందు అన్న మాట మా సార్ వింటే సుద్దముక్క విసిరి ఉండేవారు. నేను లేచి, “ముందు కాదు సార్, తరువాత. సార్ ఆ పేపరు చదివి మంచిది అన్నారు” అని చెప్పి కూర్చున్నాను. సభలో కాసేపు దగ్గులు వినిపించాయి. ఆ తరువాత బోండాలు వచ్చాయి.

మా సార్ గురించి నేనూ అబద్ధం రాయకూడదు. లెక్కలో గోడ తీసేసిన మనిషి ఇంట్లో గోడకు ఏటేటా సున్నం కొట్టించేవారు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “సార్, నీళ్లకు గోడ లేదని మీరే చెప్తిరి గదా. మీ అన్నతో ఒక మాట మాట్లాడితే ఏమైతాది?”

“నువ్వు నక్షత్రం చూసుకో అమ్మీ” అన్నారు. ఆ రోజంతా నాతో మళ్లీ మాట్లాడలేదు. నాకు ఆయన మీద గౌరవం ఎంతో, ఆ మొండితనం మీద అసహ్యం అంత. రెండూ ఒక మనిషి మీదే, ఇప్పటికీ.

ఇదంతా రాయడానికి కూర్చుంది సభ వల్ల కాదు, ఆయన పోయిన రోజు వల్ల. నేను చూలై చేరేసరికి ఇంటి ముందు జనం. వాళ్ల అన్న వాటా తలుపు మూసి ఉంది. కబురు పంపితే ఆయన, మాకూ వాళ్లకూ ఏ సంబంధమూ లేదు, మాకు మైల కూడా లేదు అని చెప్పించాడట. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. తోడబుట్టినవాడి శవం గోడకు ఇవతల ఉంటే తలుపు వేసుకుని కూర్చున్న మనిషిని నేను మనసులోనే తిట్టుకున్నాను. శవాన్ని తీసుకెళ్లే దాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

మగవాళ్లు వెళ్లిపోయాక పెద్దమ్మకు తలమీద నీళ్లు పోయాలి. నేను నీళ్లు తోడడానికి పెరట్లోకి వెళ్లాను. ఎండ నడినెత్తిన ఉంది, ఎక్కడా గాలి లేదు. చేద దించాను. అది ఇంకా నీటిని తాకకముందే, అడుగున నీళ్లు ఊగాయి. అలలు గోడ కింద నుంచి ఇటు వచ్చాయి. అప్పుడు అవతల గిలక కీచుమంది.

పెద్దమ్మ నా వెనకే వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. తల ఎత్తి వింది.

“ఆయన దా” అంది. “పగలు ఆ ఇంట్లో ఇంకెవురూ ఉండరు.”

“మోటారు ఉండాది గదా పెద్దమ్మా ఆయనకు?”

“ఉండాది. అది పెట్టినాక గిలక ముట్టింది లేదు.”

అవతల నీళ్లు నెత్తి మీద నుంచి బండ మీద పడిన చప్పుడు వినిపించింది. మళ్లీ గిలక. మళ్లీ నీళ్లు. మైల లేదన్న మనిషి, ముసలి చేతులతో తోడుకుని, తల మీద పోసుకుంటున్నాడు. గోడ తెల్లగా, మొన్నటి సున్నంతో, ఎండకు కళ్లు చెదిరేటట్టుంది. నేను తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆయన ముంచినప్పుడల్లా ఇవతల నీటి మీద నా చేద ఊగింది.